ఫోన్‌లో చూస్తూ చేయించిన మోకాలి వ్యాయామం: నా అనుభవం

మోకాలి నొప్పికి ఫిజియోథెరపీ అంటే మా కడపలో చాలామందికి తెలిసింది ఒకటే. బల్ల మీద పడుకుంటే మోకాలికి రెండు పక్కలా ప్యాడ్లు అతికించి కరెంటు పెడతారు, కాసేపయ్యాక లేచి ఇంటికి వచ్చేస్తాం. నేనూ కొన్నాళ్లు పెట్టించుకున్నాను. పెట్టించుకున్న పూట హాయిగా ఉండేది. మర్నాడు డ్యూటీ ఎక్కేసరికి నొప్పి మామూలే. నాకు గట్టిగా పనిచేసింది ఆ తర్వాత మొదలుపెట్టిన వ్యాయామం. అదీ తిరుపతిలో కూర్చున్న ఒక ఫిజియోథెరపిస్టు మేడమ్ ఫోన్‌లో నన్ను చూస్తూ చేయించింది. ‘ఫోన్‌లో ఏం వైద్యమక్కా’ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. యాభై దాటాయి. ఎక్కువగా రాయచోటి వైపు పల్లెవెలుగు బస్సుల్లో తిరుగుతాను. గువ్వలచెరువు ఘాట్ ఎక్కినవాళ్లకు తెలుసు, మలుపు మలుపుకీ బస్సు ఒకవైపు ఒరుగుతుంది. కూర్చున్నవాళ్లే ఎదుటి సీటు పట్టుకుంటారు. నాకు ఒక చేతిలో టికెట్ మిషన్, ఇంకో చేతిలో చిల్లర. ఇక నిలదొక్కుకోవాల్సింది మోకాళ్లతోనే. ఎడమ మోకాలు మొదట మెట్లు దిగేటప్పుడు మాత్రమే నొచ్చేది. తర్వాత ఫుట్‌బోర్డు ఎక్కేటప్పుడు, ఇంకొన్నాళ్లకు సీట్లో నుంచి లేచేటప్పుడు కూడా. పొద్దున నిద్ర లేవగానే కాసేపు బిగుసుకుపోయి ఉండేది. కుడికాలి మీద ఒరిగి నడవడం అలవాటైపోయింది.

ఎముకల డాక్టరు గారు నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. మోకాలి అరుగుదలను 0 నుంచి 4 దాకా గ్రేడ్లుగా చెబుతారు, 1957 నుంచి ఉన్న పద్ధతి అది. నాది 2కీ 3కీ మధ్య అన్నారు. ‘మీకంటే ఎక్కువ అరిగినవాళ్లు నొప్పి లేకుండా తిరుగుతుంటారమ్మా, తక్కువ అరిగినవాళ్లు మంచం దిగలేకపోతుంటారు. ఈ ఫిల్ము చూసి టెన్షన్ పడొద్దు. ఆపరేషన్ మాట ఇప్పుడు అవసరం లేదు, ముందు తొడ కండరం గట్టిపడాలి’ అన్నారు. మోకాలి లోపలికి వేసే జెల్ ఇంజెక్షన్ గురించి నేనే అడిగాను. నొప్పికి పైన రాసుకునే జెల్ ఒకటి రాసిచ్చి, ఇంజెక్షన్ వద్దన్నారు.

వ్యాయామం నేర్చుకోవడానికి వారం వారం క్లినిక్‌కి వెళ్లడమే నాకు కుదరలేదు. ఒక వారం పొద్దున్నే నాలుగింటికి డిపోలో ఉండాలి, ఇంకో వారం నైటౌట్. క్లినిక్ తెరిచే వేళకు నేను బస్సులో ఉంటాను. ఆ సంగతి చెబితే డాక్టరు గారే తనకు తెలిసిన మేడమ్ నంబరు ఇచ్చారు. ఫీజు దగ్గర పెద్ద తేడా ఏమీ లేదు. మిగిలింది సెలవులు, ఆటో ఖర్చు.

మొదటి కాల్‌లో నేను అడిగిన మొదటి ప్రశ్న, ముట్టుకోకుండా ఎట్లా తెలుస్తుంది మేడమ్ అని. ఆమె కసురుకోలేదు. ఆస్ట్రేలియాలో ఇదే ప్రశ్న పెట్టుకుని చేసిన ఒక పరీక్ష గురించి చెప్పింది. మా అమ్మాయి తర్వాత వెతికి చూపించింది కూడా, 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. చాలాకాలంగా మోకాలి నొప్పి ఉన్న 394 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు క్లినిక్‌కి వెళ్లి ఫిజియోథెరపిస్టును కలిసింది, ఇంకో జట్టు వీడియోలో. ఇద్దరికీ 3 నెలల్లో 5 సార్లే కలవడం, మిగతాదంతా ఇంట్లో వ్యాయామం. 3 నెలలయ్యాక నొప్పిలోనూ పనులు చేసుకోవడంలోనూ వీడియో జట్టు వెనకబడలేదు. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, క్లినిక్‌కి వెళ్లినవాళ్లు కూడా ఎక్కువగా ఇంట్లోనే వ్యాయామం చేసుకున్నారు.

ఇక ఫోన్ పెట్టే తిప్పలు. వెనక కిటికీ ఉంటే మనిషి నల్లగా నీడలా కనిపిస్తుంది, అందుకని కిటికీకి ఎదురుగా నిలబడాలి. స్టూలు మీద స్టీలు డబ్బాకు ఆనించి ఫోన్ పెట్టాను, సరిగ్గా మోకాలి ఎత్తులో. తల నుంచి పాదం దాకా కనపడాలంటే నేను గోడ దాకా వెనక్కి వెళ్లాలి. చీరలో మోకాలు కదలిక ఏం కనపడుతుంది? మా అమ్మాయి లెగ్గింగ్, పైన కుర్తా వేసుకున్నాను. అవతల ఉన్నది ఆడమనిషి కాబట్టి మొహమాటం లేకుండా జరిగింది. మన ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. వీడియో రికార్డు చేయాల్సి వస్తే ముందు అడిగేది, మొహం రానక్కర్లేదక్కా, నడుము కింద నుంచి చాలు అనేది.

ఒక్క వ్యాయామం చెప్పకుండా ముందు చాలాసేపు ప్రశ్నలు వేసింది. మోకాలు మధ్యలో తాళం పడినట్టు పట్టేస్తుందా, రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి ఉందా, జ్వరం వచ్చిందా, పిక్కలో వాపు ఉందా, ఎప్పుడైనా పడ్డారా. పుట్టిల్లు ఎక్కడ అని కూడా అడిగింది. మాది కదిరి వైపు పల్లె. వెంటనే, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగేవాళ్లు, పళ్ల మీద పసుపు మచ్చలు ఉన్నాయా, నడుము మెడ బిగుసుకుపోతాయా అని వరసగా అడిగింది. అనంతపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మనకు తెలిసిందే. ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుంటే వచ్చే కీళ్ల నొప్పి వేరు, దాన్ని మామూలు అరుగుదల అనుకుంటే కుదరదట. ఎక్స్‌రే పంపించి, డాక్టరు గారితో మాట్లాడి, నాది అది కాదని తేల్చుకున్నాకే ముందుకు వెళ్లింది. ముట్టుకోలేనిదాన్ని అడిగి తెలుసుకోవడం అంటే ఇదేననిపించింది.

తర్వాత నన్ను కదిలించి చూసింది. హాల్లో అటూ ఇటూ నడిపించింది. ఒంటికాలి మీద నిలబెట్టింది. చేతులు ఛాతీ మీద పెట్టుకుని కుర్చీలో నుంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలనో లెక్కపెట్టింది. అదొక కొలత, తర్వాత ఇదే మళ్లీ చూస్తామంది. ‘మీకు ఏ పని తిరిగి రావాలక్కా’ అంటే ఫుట్‌బోర్డు అన్నాను. దాని ఎత్తు కొలిచి పంపమంది. మర్నాడు డిపోలో టేపు పెట్టి కొలిచి పంపాను.

మొదట ఇచ్చినవి చాలా తేలిక. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించడం. మోకాలు వంచకుండా కాలు పైకెత్తి ఆపడం. పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం, అది తుంటి పక్క కండరానికి. నిలబడి మడమలు ఎత్తడం. కుర్చీలో నుంచి లేచి కూర్చోవడం. పదేసి చొప్పున మూడు విడతలు, వారంలో మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. ఇవి యూట్యూబ్‌లో కూడా ఉన్నాయి. అందుకే ‘వీడియో చూసి చేసుకోవచ్చు కదా, డబ్బులెందుకు’ అంటారు. తేడా ఎక్కడుందో చెబుతాను.

కుర్చీలో నుంచి లేవడం చూద్దాం. నేను లేస్తున్నాను, కూర్చుంటున్నాను, నా లెక్కకు అంతా బాగానే ఉంది. ఆమె ఫోన్‌ను నాకు ఎదురుగా పెట్టమంది. ‘అక్కా, మీ బరువంతా కుడికాలి మీదే ఉంది. ఎడమ మోకాలు లోపలికి వాలిపోతోంది. నొప్పి ఉన్న కాలికి పని పడట్లేదు’ అంది. నాకు తెలియనే తెలియదు. ఎడమ పాదాన్ని కుడిదానికంటే కొంచెం వెనక్కి జరపమంది. జరిపి లేచి చూద్దును, ఎడమ తొడ గడగడా వణికింది. పాదం వెనక్కి ఉన్న కాలి మీదికే బరువు పోతుంది, తప్పించుకోవడానికి లేదు. మోకాలు లోపలికి పోకుండా, మోకాళ్లకు కాస్త పైన రబ్బరు బ్యాండు కట్టి, దాన్ని బయటికి నెడుతూ లేవమంది. నొప్పి ఎక్కువైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచమంది. ఒకే వ్యాయామం, ఒకే కుర్చీ. కానీ అంతకుముందు నేను చేసిందంతా కుడికాలికి పోయింది, ఆ రోజు నుంచి ఎడమకాలికి చేరింది. యూట్యూబ్ నన్ను చూడదు కదా.

లెక్కపెట్టడం మా ఆయన పని. ఆయన గబగబా లెక్కపెట్టేవాడు. ఒకరోజు ఫోన్‌లో నుంచి ‘అన్నా, నెమ్మదిగా. లేచేటప్పుడు ఒకటి, కూర్చునేటప్పుడు ఒకటి రెండు మూడు’ అని ఆమె చెప్పింది. కిందికి దిగేటప్పుడు కండరం సాగుతూ బరువు ఆపాలి, మెట్లు దిగడానికి కావలసింది ఆ బలమేనట. నాకు మొదట నొప్పి వచ్చింది కూడా దిగేటప్పుడే. ఆ మాట విన్నాక మా ఆయన ఎప్పుడూ ఆ లెక్క తప్పలేదు, వంటింట్లో ఉన్నా అక్కడి నుంచే మూడు దాకా గట్టిగా లెక్కపెట్టేవాడు.

మా ఇంట్లో సిగ్నల్ ఒక్కోసారి సగంలో ఆగిపోతుంది. నేను కుర్చీలో సగం లేచి ఉండగా బొమ్మ నిలిచిపోయేది. అప్పుడు ఆమె, 30 సెకన్ల వీడియో తీసి వాట్సాప్‌లో పంపండి, చూసి మామూలు కాల్ చేస్తాను అనేది. నాకైతే అదే ఇంకా మేలనిపించింది. ఆపి, వెనక్కి తిప్పి, ఇక్కడ చూడండి అని ఫొటో మీద గీత గీసి పంపేది.

అన్నిటికంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది నొప్పి గురించి ఆమె చెప్పిన లెక్క. నా లోపల ఉన్న భయం అది. మా డ్రైవర్ తమ్ముడు ‘టైరు అరిగితే బండి తక్కువ తిప్పుతాం గదక్కా, నువ్వేంది అరిగిన మోకాలుకు ఇంకా పని చెప్తాండావు’ అన్నాడు. నాకూ నిజమే అనిపించి, ఆ మాటే మేడమ్‌ని అడిగాను. మోకాలి గుజ్జు ప్రాణమున్నది అంది. దానికి రక్తనాళాలు ఉండవు. బరువు పడి, వదిలినప్పుడు కీలులోని ద్రవం అటూ ఇటూ కదిలి, దాంతోపాటే పోషణ అందుతుంది. కదలకుండా కూర్చోబెడితే దానికీ అందదు, చుట్టూ ఉన్న కండరమూ కరిగిపోతుంది, అప్పుడు అడుగు వేసిన ప్రతిసారీ దెబ్బంతా కీలు మీదే పడుతుంది. గుజ్జులో నరాలు కూడా లేవట. నొప్పి వచ్చేది కింద ఎముక నుంచి, కీలు లోపలి పొర నుంచి, చుట్టూ ఉన్న వాటి నుంచి. కాబట్టి వ్యాయామంలో కాస్త నొప్పి పుట్టిందంటే గుజ్జు ఊడిపోతోందని కాదు.

మరి ఎంత నొప్పి దాకా పర్లేదు? 0 అంటే ఏమీ లేదు, 10 అంటే ఓర్చుకోలేనిది. 2 దాకా ధైర్యంగా చేయొచ్చు. 5 దాకా ఒప్పుకోవచ్చు. 5 దాటితే ఆ రోజు తగ్గించాలి. ఇంకో షరతు, మర్నాడు పొద్దునకల్లా నొప్పి మామూలు స్థితికి వచ్చేయాలి. రాకపోతే నిన్నటి మోతాదు ఎక్కువైందని అర్థం, మానేయాలని కాదు. ఇది తెలిశాక నొప్పి వచ్చిన ప్రతిసారీ ఉలిక్కిపడటం పోయింది. క్యాలెండర్‌లో తేదీ పక్కన అంకె వేసి, వారానికోసారి ఫొటో తీసి పంపేదాన్ని. అది చూసి ఆమె పెంచేది, తగ్గించేది. ఇంగ్లండ్‌లో డాక్టర్లకు నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లో కూడా మొదట్లో నొప్పి కొంచెం పెరగొచ్చని, మానకుండా చేస్తే మేలని ముందుగానే రోగికి చెప్పమని ఉంది. అల్ట్రాసౌండ్, కరెంటు లాంటివి మోకాలి అరుగుదలకు ఇవ్వొద్దని, లాభం ఉందనడానికి తగిన ఆధారం లేదని కూడా అందులోనే ఉంది. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ వేసింది. మా ఊళ్లో ఎంతమంది కూలి డబ్బులు ఆ ప్యాడ్లకు పోతున్నాయో.

సంక్రాంతి రద్దీ అయ్యాక మొదలుపెట్టాను. చైత్రంలో ఒంటిమిట్ట కోదండరాముడి కళ్యాణం వచ్చింది. వెన్నెల రాత్రి కళ్యాణం, కడప నుంచి స్పెషల్ బస్సులు. రాత్రంతా ఎక్కడం, దిగడం, నిలబడటం. తెల్లారేసరికి మోకాలు ఉబ్బింది, నొప్పి 7. అప్పటిదాకా వచ్చిందంతా పోయిందనుకుని మనసు చాలా పాడైంది. వీడియోలో మోకాలిచిప్ప పైనుంచి కిందికి నన్నే చేత్తో నొక్కించి, పక్కన ఉబ్బెత్తు వస్తోందో లేదో చూసింది. ఎర్రగా ఉందా, వేడిగా ఉందా, జ్వరమా, పిక్క నొప్పా అని మళ్లీ అవే ప్రశ్నలు. అవేవీ లేవు. ‘వ్యాయామం ఆపొద్దక్కా, కిందికి దిగుదాం’ అంది. కుర్చీ, మెట్లు ఆపేసి, మొదటి వారం చేసిన మంచం వ్యాయామాలకే తీసుకెళ్లింది. గుడ్డలో చుట్టిన ఐసు, డాక్టరు గారు రాసిచ్చిన జెల్. వాపు తీశాక ఒక్కో మెట్టు పైకి. ఆశ్చర్యం, మొదటిసారి నెలలు పట్టిన దూరం ఈసారి కొద్ది రోజుల్లోనే వచ్చేసింది. కండరం ఎక్కడికీ పోలేదు. నేను ఒక్కదాన్నే చేసుకుంటుంటే ఆ పొద్దునే మానేసి ఉండేదాన్ని, అందులో నాకు అనుమానం లేదు.

తర్వాత మోతాదు పెరుగుతూ పోయింది. దిండు తీసేశాం. కుర్చీ పోయి తక్కువ ఎత్తు స్టూలు వచ్చింది. బియ్యం సంచి ఛాతీకి హత్తుకుని లేవడం వచ్చింది. కొత్తది ఎప్పుడు ఇవ్వాలో దానికీ లెక్క ఉంది, చివరి రెండు లేవడాలు కష్టంగా అనిపించాలి, అనిపించకపోతే బరువు చాలదని. ఇంటి ముందు మెట్టు మీద ఎక్కడం, నెమ్మదిగా దిగడం. చివరికి ఫుట్‌బోర్డు ఎత్తుకు సరిపడా రెండు మెట్లు ఒకేసారి ఎక్కడం. బరువు గురించి ఒక్కసారే చెప్పింది, ఒంట్లో 1 కిలో తగ్గితే అడుగు వేసినప్పుడు మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుందని. సంగటి మానమని అనలేదు. ట్రిప్పుల మధ్య హోటల్లో తినే బజ్జీలు, టీలో చక్కెర తగ్గించాను, అంతే.

ఇప్పుడెట్లా ఉంది? ఎక్స్‌రే మళ్లీ తీయిస్తే అట్లాగే ఉంటుందని డాక్టరు గారు ముందే చెప్పారు, తీయించలేదు. ఫుట్‌బోర్డు ఎడమకాలితో ఎక్కుతున్నాను. ఘాట్ మీద నిలబడి టికెట్లు కొడుతున్నాను. కుర్చీ పరీక్షలో మొదటిసారి కంటే దాదాపు రెట్టింపు వచ్చింది. మోకాలు లోపల టకటక శబ్దం మాత్రం పోలేదు, నొప్పి లేని శబ్దాన్ని పట్టించుకోనక్కర్లేదంది. గొంతుకూర్చునే మరుగుదొడ్డి ఇంకా కష్టమే. బస్టాండుల్లో మనకు ఇంకో దారి ఉండదు కాబట్టి దాన్ని కూడా వ్యాయామంలో చేర్చింది. కిటికీ ఊచలు పట్టుకుని, నొప్పి 5 దాటకుండా, ఎంత లోతుకు వంగగలిగితే అంత. పెళ్లిళ్లలో నేల మీద పంక్తిలో కూర్చుంటే మధ్యలో ఒకసారి కాలు చాపుకోవాల్సి వస్తోంది. ‘ఇక జన్మలో కింద కూర్చోవద్దు’ అని అందరూ అంటుంటారు. ఆమె ఆ మాట అనలేదు, నాకు ఆమె మీద గౌరవం పెరగడానికి అదొక కారణం.

కాల్స్ మొదట వారానికోసారి, తర్వాత రెండు వారాలకు, ఇప్పుడు ఎప్పుడో ఒకసారి. వ్యాయామం మాత్రం వారంలో రెండు మూడు రోజులు చేస్తూనే ఉన్నాను, ఆపితే కండరం తగ్గిపోతుంది.

ఇది అందరికీ ఫోన్‌లో అయ్యే పని కాదు. పడి దెబ్బ తగిలినవాళ్లు, మోకాలు మధ్యలో తాళం పడినట్టు పట్టేసేవాళ్లు, ఎర్రగా వేడిగా ఉబ్బినవాళ్లు, ఉన్నట్టుండి పిక్క వాచినవాళ్లు ముందు డాక్టరు చేతికి చూపించుకోవాలి. నిలబడితే తూలిపోయే పెద్దవాళ్లకు ఎదురుగా ఇంకో మనిషి ఉండి తీరాలి. ఇంకొకటి, ఫోన్ వైద్యం పేరుతో డబ్బు కట్టించుకుని రికార్డు చేసిన వీడియోల లింకు పంపేవాళ్లూ ఉన్నారు. కట్టే ముందు మూడు సంగతులు అడగండి: ఫిజియోథెరపీ డిగ్రీ ఉందా, నేను చేస్తుండగా మీరు చూస్తారా, నా నొప్పిని బట్టి మోతాదు మారుస్తారా. మూడోదానికి సరైన జవాబు రాకపోతే నేనైతే కట్టను.

మా డిపోలో ముగ్గురు ఆడవాళ్లు నంబరు అడిగారు. ఒకామెకు మోకాలు బాగా వాచి ఉంది, ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోమన్నాను. మిగతా ఇద్దరూ వచ్చే వారం మొదలుపెడుతున్నారు. వాళ్లలో ఒకరి ఇంట్లో ఫోన్ పెట్టుకునేంత జాగా లేదు, కాబట్టి ఆమె కాల్ ఉన్న రోజు మా ఇంటికే వస్తానంది.